బ్లడ్ కల్చర్‌లో వచ్చిన బ్యాక్టీరియాకి మాల్డిలో పేరు రావట్లేదు. ఇది కొత్త స్పీషీసేనా?

మైక్రో పీజీ, రెండో ఏడాది

నమస్తే అండి. మైక్రోబయాలజీ పీజీ చేస్తున్నాను. పది రోజులుగా ఒక ఐసొలేట్ (కల్చర్‌లోంచి విడదీసిన బ్యాక్టీరియా) నన్ను వదలట్లేదు, ఇలాంటిది చూసినవాళ్లు ఎవరైనా ఉంటారేమోనని ఇక్కడ రాస్తున్నా. పేషెంట్ వివరాలు రాయను. జ్వరం తగ్గట్లేదు, కడుపులో చీముగడ్డ ఉందని అనుమానం, అంతవరకే.

రెండు చేతుల నుంచీ విడివిడిగా రెండు సెట్లు తీశారు. మొదటి సెట్‌లో అనరోబిక్ (ఆక్సిజన్ లేని) బాటిల్ 41 గంటలకి ఫ్లాగ్ అయింది, అంటే ఏదో పెరుగుతోందని మెషీన్ చూపించింది, రెండో సెట్‌లోది 47 గంటలకి. ఏరోబిక్ బాటిళ్లు రెండూ ఐదు రోజులు ఉంచినా నెగటివే. గ్రామ్ స్టెయిన్‌లో సన్నటి ఊదారంగు కడ్డీలు, కొన్ని కాస్త వంకరగా, అక్కడక్కడా చీలిన కొమ్మలా రెండుగా విడిపోయి ఉన్నాయి. సబ్‌కల్చర్ ప్లేటు మీద మొదటి రోజు ఏమీ కనపడలేదు. రెండో రోజు ప్లేటుని ఏటవాలుగా లైటుకి పట్టుకుంటే సూదిమొనంత చుక్కలు మెరిశాయి, మూడో రోజుకి గుండుసూది తలలో సగం ఉన్నాయి, బూడిదరంగు, అంచు కొంచెం గరుకు.

మాల్డిలో (ప్రొటీన్లని బట్టి బ్యాక్టీరియా పేరు చెప్పే మెషీన్) పెడితే స్కోరు 1.48. ఫార్మిక్ యాసిడ్ ఎక్స్‌ట్రాక్షన్ చేసి మళ్లీ పెట్టా, 1.63. 2.0 దాటితేనే స్పీషీస్ పేరు నమ్మాలి, 1.7 లోపు వస్తే ఆ పేరు రాయనే కూడదు అని కదా మాకు నేర్పింది. పైగా లిస్టులో పైన వచ్చే పేరు ఒక్కో స్పాట్‌కి ఒక్కోటి. బతిమాలి 16ఎస్ సీక్వెన్సింగ్ (బ్యాక్టీరియాలన్నిటిలో ఉండే ఒక జీన్‌ని చదివి పోల్చడం) చేయించాను, దగ్గరి బంధువు షాలియా జీనస్‌లో ఒక స్పీషీస్, పోలిక 97.6 శాతం. 98.7 కన్నా తక్కువైతే కొత్త స్పీషీస్ అని చదివాను.

మా సీనియర్ ఏమో "డిఫ్తెరాయిడ్స్, కంటామినేషన్ అని రాసి పంపెయ్, ప్లేట్లు డిస్కార్డ్ చెయ్" అన్నారు, అంటే చర్మం మీద ఉండే కడ్డీలే బాటిల్లోకి దిగాయని. నాకు మనసొప్పట్లేదు. వార్డు నుంచి రోజూ ఫోన్, "ఇంతకీ అదేంటి" అని. నిజంగా కొత్తదేనా, రిపోర్టులో ఏం రాయాలి, ఇక్కడి నుంచి ఏం చేయాలి? చాలా టెన్షన్‌గా ఉంది, కొంచెం చెప్పండి.

బెంచ్ మీద ఇరవై ఏళ్లు

మిగతాది తర్వాత చదువుదురుగాని, ముందు లేచి వెళ్లి ఆ కాలనీల్ని గ్లిసరాల్ బ్రాత్‌లో వేసి మైనస్ 80లో పెట్టి రండి. ఒక్క వయల్ కాదు, నాలుగైదు పెట్టండి. వీలైతే రెండు ఫ్రీజర్లలో. కరెంటు పోయి ఒక ఫ్రీజర్ కరిగితే మీ కథ అక్కడితో ఆగిపోకూడదు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే నా చేతులతోనే ఒకటి పారేశాను. నేను కొత్తగా చేరిన రోజుల్లో సరిగ్గా మీలాగే రెండు సెట్లలోనూ గ్రామ్ పాజిటివ్ కడ్డీ వచ్చింది, దానికి పేరు రాలేదు, అప్పటికి మా ల్యాబ్‌లో మాల్డి కూడా లేదు, బయోకెమికల్ కిట్‌లో వచ్చిన కోడ్ దేనికీ సరిపోలేదు. కంటామినేషన్ అని రాసి ప్లేటు ఆటోక్లేవ్‌కి పంపేశాను. మూడు వారాల తర్వాత అదే మనిషి మళ్లీ జ్వరంతో వచ్చారు, ఎకోలో గుండె కవాటం మీద వెజిటేషన్ (ఇన్ఫెక్షన్ వల్ల పేరుకున్న గడ్డ) కనిపించింది. అప్పటికే యాంటీబయాటిక్స్ మొదలుపెట్టేశారు కాబట్టి రెండోసారి తీసిన కల్చర్లలో ఏమీ పెరగలేదు. మొదటిది ఉండుంటే సెన్సిటివిటీ (ఏ మందుకి లొంగుతుందో) అయినా చెప్పగలిగేవాళ్లం. ఆ వ్యక్తి కోలుకున్నారు, కానీ డాక్టర్లు వారాల తరబడి చీకట్లో మందులు మార్చాల్సి వచ్చింది. ఆ ప్లేటు నాకు ఇప్పటికీ గుర్తే.

ఇక మీ సీనియర్ మాట. ఆయనది పూర్తిగా తప్పనను, ఎందుకంటే చర్మం మీద ఉండే కోరినీబ్యాక్టీరియం, క్యూటిబ్యాక్టీరియం, కోయాగ్యులేజ్ నెగటివ్ స్టెఫ్ లాంటివి సూదితోపాటు బాటిల్లోకి దిగడం మనం రోజూ చూసేదే. కానీ కంటామినేషన్ అనేది బ్యాక్టీరియా పేరును బట్టి తేల్చే విషయం కాదు. ఎన్ని సెట్లలో వచ్చింది, వేర్వేరు చోట్ల గుచ్చి తీశారా, ఎన్ని గంటలకి ఫ్లాగ్ అయింది, పేషెంట్‌కి దానికి తగ్గ లక్షణాలు ఉన్నాయా, ఇవి చూసి తేల్చాలి. రెండు చేతుల నుంచి తీసిన రెండు సెట్లలో, రెండింట్లోనూ అనరోబిక్‌లో మాత్రమే, ఆరు గంటల తేడాతో ఒకే రకం కడ్డీ వచ్చిందంటే దాన్ని చర్మం మీదకి తోసేయడం కష్టం. స్టెఫైలోకాకస్ లుగ్డునెన్సిస్ సంగతి గుర్తు తెచ్చుకోండి. అదీ కోయాగ్యులేజ్ నెగటివే, 1988లో దానికంటూ ఒక పేరు పెట్టేదాకా మిగతావాటితో కలిపి చూశారు, తీరా చూస్తే గుండె కవాటాల్ని స్టెఫ్ ఆరియస్ అంత ఘోరంగా పాడుచేయగలదు.

ఇంకొకటి, రెండు బాటిళ్ల ఐసొలేట్లూ ఒకటేనని మీకు ఎలా తెలుసు? రెండింటికీ విడివిడిగా మాల్డి, 16ఎస్ చేశారా? అది రాయలేదు మీరు. అలాగే మూడో రోజు ప్లేటుని హ్యాండ్ లెన్స్‌తో ఒకసారి నింపాదిగా చూడండి. నెమ్మదిగా పెరిగేవాటిలో రెండు రకాల కాలనీలు ఒకదానిమీద ఒకటి కూర్చుని ఒకటేలా కనిపిస్తాయి. మాల్డి స్కోరు తక్కువ రావడానికి, స్పాట్ స్పాట్‌కీ పేరు మారడానికి అతి మామూలు కారణం కల్చర్ కలిసిపోవడమే, కొత్త స్పీషీస్ కావడం కాదు. ఒక్క కాలనీ తీసుకుని మూడుసార్లు స్ట్రీక్ చేశాక మళ్లీ మొదలుపెట్టండి.

జీనోమ్‌లు చూసే మనిషి

పైన చెప్పిన ప్యూరిటీ విషయం అయ్యాకే నేను చెప్పేది చదవండి.

మీ 97.6 ఎన్ని బేస్‌ల మీద వచ్చింది? 16ఎస్ జీన్ మొత్తం సుమారు 1500 బేస్‌లు. ఆసుపత్రి ల్యాబుల్లో చాలామంది మొదటి 500 మాత్రమే చదివిస్తారు. జీనస్ తెలుసుకోవడానికి అది చాలు. కానీ 98.7 అనే గీత దాదాపు పూర్తి జీన్‌కి గీసింది, 500 బేస్‌ల ముక్కకి దాన్ని వాడకూడదు. మొదట్లో గీత 97 దగ్గర ఉండేది, తర్వాత జీనోమ్‌లతో పోల్చి చూసుకుని పైకి జరిపారు. క్రోమాటోగ్రామ్ (సీక్వెన్సింగ్ మెషీన్ ఇచ్చే శిఖరాల గ్రాఫ్) కూడా స్వయంగా తెరిచి చూడండి. ఒకే చోట రెండు శిఖరాలు పదేపదే కనిపిస్తే కల్చర్ కలిసి ఉండొచ్చు, లేదా ఒకే కణంలో ఉన్న 16ఎస్ కాపీల మధ్యే తేడా ఉండొచ్చు.

రెండోది, దేనితో పోల్చారు? జెన్‌బ్యాంక్ అనే సీక్వెన్స్‌ల డేటాబేస్‌లో మామూలుగా బ్లాస్ట్ చేస్తే, అంటే దగ్గరి పోలికలు వెతికితే, పైన వచ్చే ఎంట్రీకి ఉన్న పేరు ఎవరో పంపినవాళ్లు పెట్టుకున్నది, అది తప్పు కూడా కావచ్చు. పోల్చాల్సింది టైప్ స్ట్రెయిన్‌తో, అంటే ఆ స్పీషీస్ పేరు ఏ స్ట్రెయిన్‌కి కట్టి ఉందో దానితో. ఈజ్‌బయోక్లౌడ్‌లో అయితే టైప్ స్ట్రెయిన్లతో పోల్చి చూపిస్తుంది.

ఇక 16ఎస్ మాట ఎంతవరకు నమ్మాలంటే, గీతకి బాగా కింద ఉంటే కొత్తది కావడానికి మంచి అవకాశం ఉంది, గీతకి పైన ఉంటే మాత్రం ఏమీ తేలనట్టే. స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే, మైటిస్ రెండింటి 16ఎస్ 99 శాతం పైగా కలుస్తుంది. ఒకటి న్యుమోనియా, మెనింజైటిస్ తెచ్చేది, ఇంకోటి మామూలుగా నోట్లో ఉండేది. అందుకే చివరి మాట జీనోమ్‌దే. మొత్తం జీనోమ్ చదివించి, దగ్గరి టైప్ స్ట్రెయిన్లన్నిటితో ఏఎన్ఐ లెక్కేయండి, అంటే రెండు జీనోమ్‌లలో ఒకదానికొకటి సరిపోయే భాగాలు సగటున ఎంత శాతం ఒకేలా ఉన్నాయో చూడటం. 95, 96 దగ్గర గీత. దాంతోపాటు డిజిటల్ డీఎన్ఏ హైబ్రిడైజేషన్, అది జీనోమ్‌ల పోలికకి ఇంకో లెక్క, అక్కడ గీత 70. జర్మనీలోని డీఎస్ఎంజెడ్ కల్చర్ కలెక్షన్ వాళ్ల టీవైజీఎస్ సర్వర్‌లో జీనోమ్ ఎక్కిస్తే దగ్గరి టైప్ స్ట్రెయిన్లని అదే వెతికి లెక్క ఇస్తుంది, ఉచితమే.

ఒక చిన్న పరీక్ష ముందే పెట్టుకోండి. షాలియాల జీనోమ్ సాధారణంగా 20 నుంచి 25 లక్షల బేస్‌ల చుట్టూ ఉంటుంది. మీది 45 లక్షలు వచ్చిందనుకోండి, సంబరపడొద్దు, రెండు బ్యాక్టీరియాలు కలిసి చదవబడ్డాయని అర్థం.

మీకు ధైర్యం ఇచ్చే మాట కూడా ఒకటుంది. స్విట్జర్లాండ్‌లో బాసెల్ యూనివర్సిటీ హాస్పిటల్ వాళ్లు సరిగ్గా ఈ పనే పద్ధతిగా చేశారు. మాల్డిలో గానీ 16ఎస్‌లో గానీ తేలని 61 ఐసొలేట్లని జీనోమ్‌తో చూస్తే 35 అప్పటివరకు పేరులేని స్పీషీస్ కావచ్చని తేలింది, 2024లో ప్రచురించారు. వాటిలో ఎక్కువ భాగం రక్తం నుంచో లోపలి కణజాలం నుంచో వచ్చినవే. ఏ జీనస్‌లు ఎక్కువో తెలుసా, కోరినీబ్యాక్టీరియం, ఆ తర్వాత షాలియా. అంటే మీ సీనియర్ "డిఫ్తెరాయిడ్స్" అని పక్కన పెట్టే గుంపులోనే ఇవి దాక్కున్నాయి. అలాగని ఆయన జాగ్రత్తకీ కారణం ఉంది, ఆ 35లో రోగానికి నిజంగా కారణం అనిపించినవి 7 మాత్రమే.

వార్డు నుంచి

నేను మెడిసిన్ వైపు మనిషిని. రోజూ ఫోన్ చేసి విసిగించేవాళ్లలో ఒకర్ని అనుకోండి, అందుకే రాస్తున్నా.

మాకు స్పీషీస్ పేరు కావాలని మీరు అనుకుంటున్నారు, నిజానికి మొదట కావాల్సింది అది కాదు. "రెండు సెట్లలోనూ అనరోబిక్ బాటిల్‌లో గ్రామ్ పాజిటివ్ కడ్డీ, షాలియా జీనస్‌కి దగ్గర, స్పీషీస్ తేలలేదు, రెండు సెట్లలో వచ్చింది కాబట్టి కంటామినేషన్‌గా భావించట్లేదు" అని ఈ ఒక్క వాక్యం రాసి పంపండి, పంపాక ఫోన్ కూడా చేయండి. మాకు దాంతో సగం పని అయిపోతుంది, ఎందుకంటే షాలియాలు పాత లెక్కలో ఆక్టినోమైసిస్ గుంపులోవి, నోరు, పేగులు వాటి ఇల్లు, కాబట్టి చీముగడ్డ ఎక్కడుందో వెతకడానికి దారి దొరుకుతుంది.

మందు విషయంలో ఇంకా ముఖ్యం. అనరోబిక్ బాటిల్‌లో మాత్రమే పెరిగింది అని వినగానే మావాళ్లలో కొందరు మెట్రొనిడజోల్ ఉంది కదా, సరిపోతుందిలే అనుకుంటారు. ఈ గుంపు బ్యాక్టీరియాలకి మెట్రొనిడజోల్ చాలామటుకు పనిచేయదు, పెన్సిలిన్ వర్గం మందులు సాధారణంగా పనిచేస్తాయి. అది జీనస్ పేరుతోనే తెలిసిపోతుంది. స్పీషీస్ పేరు లేనప్పుడు దానికంటూ బ్రేక్‌పాయింట్లు (మందు పనిచేస్తుందా లేదా తేల్చే హద్దులు) ఉండవు, ఎస్ (పనిచేస్తుంది) అనో ఆర్ (పనిచేయదు) అనో ధైర్యంగా రాయలేరు, నాకు తెలుసు. ఎంఐసీ (పెరగకుండా ఆపే కనీస మందు మోతాదు) అంకె ఇవ్వండి చాలు, కూర్చుని మాట్లాడుకుందాం.

తప్పు పేరు రాస్తే మాత్రం ప్రమాదం. ఎలిజబెత్‌కింగియా అనోఫెలిస్‌ని 2011లో దోమ పేగులోంచి తీసి పేరు పెట్టారు. మాల్డి డేటాబేసుల్లో అది లేని రోజుల్లో మనుషుల రక్తంలో వచ్చినప్పుడు దాన్ని దాని అక్క మెనింగోసెప్టికా పేరుతో రిపోర్టు చేసేవాళ్లు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 2015, 2016లో వచ్చిన పెద్ద అవుట్‌బ్రేక్ ఈ అనోఫెలిస్‌దే, ఎక్కువమందికి రక్తంలోనే ఇన్ఫెక్షన్. ఈ జీనస్‌కి పుట్టుకతోనే కార్బపెనెమ్‌లని (మెరోపెనెమ్ వర్గం మందుల్ని) విరిచేసే ఎంజైములు ఉంటాయి. కనీసం జీనస్ తెలియకపోతే సెప్సిస్ అని మేం రాసే మెరోపెనెమ్ వృథా. కాబట్టి మెషీన్ 1.63కి చూపించిన పేరుని జాలిపడి కూడా రాయొద్దు. తెలియదు అని రాయడం మాకు తప్పు పేరు కన్నా వెయ్యి రెట్లు మేలు.

టైప్ స్ట్రెయిన్లు పంపినవాళ్లలో ఒకరు

జీనోమ్‌లో తేలాక పేరు పెట్టే దాకా వెళ్లాలనుకుంటే, అది ఇంకో ఏడాది పని అనుకోండి. బతికున్న కల్చర్‌ని రెండు వేర్వేరు దేశాల్లోని కల్చర్ కలెక్షన్లలో జమ చేయాలి, అక్కడివాళ్లు దాన్ని పెంచి చూసి, ఎవరడిగినా ఇస్తామని సర్టిఫికెట్ ఇవ్వాలి. పేరు కొత్త స్పీషీస్‌ల పేర్లు ప్రచురించే ఐజేఎస్ఈఎమ్ జర్నల్‌లో రావాలి, లేదా వేరే చోట వస్తే ఆ జర్నల్ వ్యాలిడేషన్ లిస్టులోకి ఎక్కాలి, అప్పుడే బ్యాక్టీరియా పేర్ల కోడ్ ప్రకారం చెల్లుతుంది. కల్చర్ లేకుండా జీనోమ్‌నే ఆధారంగా తీసుకుని పేరు పెట్టే సీక్‌కోడ్ 2022లో వచ్చింది, కానీ మీ చేతిలో కల్చర్ ఉంది కదా, అది జమ చేయండి, రేపు ఇంకో ల్యాబ్ వాళ్లకి దాన్ని పెంచి సెన్సిటివిటీ చూసుకునే వీలుంటుంది.

పేరు ఎంచుకోవడం నాకు ఇష్టమైన భాగం. 2016లో టాంజానియాలోని మ్వాంజాలో నవజాత శిశువుల రక్తం నుంచి వచ్చిన బ్యాక్టీరియాకి ఎంటరోబాక్టర్ బుగాండెన్సిస్ అని పెట్టారు, అక్కడి బుగాండో ఆసుపత్రి పేరు మీద. బార్టొనెల్లా హెన్సెలేలో ఉన్నది డయాన్ హెన్సెల్ అనే ల్యాబ్ టెక్నాలజిస్టు పేరు, 1990 ప్రాంతంలో జ్వరాలతో వచ్చిన రోగుల రక్తం నుంచి ఆ బ్యాక్టీరియాని పెంచిన పనిలో ఆవిడ ఉన్నారు. అది తలుచుకుంటే నాకు ఎప్పుడూ సంతోషమే, ప్లేటు ముందు కూర్చున్న మనిషికి దక్కిన పేరు అది. రాసేవాళ్లు తమ పేరు తామే పెట్టుకోకూడదు, అదొకటి గుర్తుంచుకోండి.

తొందర మాత్రం వద్దు. స్ట్రెప్టోకాకస్ టిగురినస్ అని 2012లో జ్యూరిక్ వాళ్లు పెట్టారు, ఎండోకార్డైటిస్ (గుండె కవాటాల ఇన్ఫెక్షన్) రోగుల రక్తం నుంచి వచ్చినదే. నాలుగేళ్లకి జీనోమ్‌లు పోల్చాక దాన్ని ఓరాలిస్ కింద సబ్‌స్పీషీస్‌గా మార్చారు. అది తెచ్చే జబ్బు నిజం, వాళ్ల పని మంచిది, గీత ఎక్కడ గీయాలన్నదే మారింది. అందుకే ఒక్క స్ట్రెయిన్‌తో ఆగకండి, ఇంకోటి ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి. మీ ల్యాబ్‌లో పాత మాల్డి స్పెక్ట్రాలు (మెషీన్ గీసిన గ్రాఫులు) సేవ్ అయ్యే ఉంటాయి, వాటిలోనే వెతకొచ్చు.

మైక్రో పీజీ, రెండో ఏడాది

అందరికీ చాలా చాలా థాంక్స్. ఐదు వారాల తర్వాత వస్తున్నా, ఏమైందో చెప్పకుండా ఉండలేక.

మొదటి రాత్రే ఐదు వయల్స్ ఫ్రీజ్ చేశాను. ప్యూరిటీ మాట నిజమే అయింది, హ్యాండ్ లెన్స్‌తో చూస్తే మొదటి బాటిల్ ప్లేటు మీద గరుకు కాలనీల మధ్య నునుపుగా, ఇంకా చిన్నగా రెండో రకం ఉంది. విడదీస్తే అది క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్, మాల్డిలో 2.1. అంటే మా సీనియర్ చెప్పిన కంటామినేషన్ కూడా ఆ బాటిల్లో ఉంది, నేను చెప్పింది కూడా ఉంది! రెండో బాటిల్‌లో మాత్రం గరుకుది ఒక్కటే. ఆయనకి చూపించాను, లెన్స్ తీసుకుని చాలాసేపు చూసి "సరే, పంపు" అన్నారు, జీనోమ్ ఖర్చుకి సంతకం కూడా ఆయనే పెట్టారు.

నా 97.6 మొదటి 500 బేస్‌లదే, సిగ్గుగా ఉంది. పూర్తి జీన్ మీద 98.1 వచ్చింది. రెండు బాటిళ్లలోని గరుకు ఐసొలేట్లనీ జీనోమ్ చేయించాం, 22 లక్షల బేస్‌లు, రెండూ ఒకటే. దగ్గరి టైప్ స్ట్రెయిన్‌తో ఏఎన్ఐ 85 చిల్లర, డిజిటల్ హైబ్రిడైజేషన్ 30 లోపు. పైన చెప్పిన వాక్యం అలాగే రిపోర్టులో రాశాను, వార్డువాళ్లు స్కాన్ చేయించి గడ్డలో చీము తీశారు, ఆ చీములోనూ ఇదే పెరిగింది. పేషెంట్ ఇంటికి వెళ్లారు.

పాత స్పెక్ట్రాల సంగతి ఒకటి అడగాలి. దీని స్పెక్ట్రమ్‌ని మా డేటాబేస్‌లో మేమే రిఫరెన్స్‌గా ఎక్కించి, గతంలో పేరు రాని వాటన్నిటినీ దానితో మళ్లీ పోల్చాం. రెండు కలిశాయి, 2.2, 2.05. ఒకటి బ్లడ్ కల్చర్‌ది, ఒకటి చీముది. ఇంత మ్యాచ్ అయితే జీనోమ్‌కి పంపడానికి సరిపోతుందా?

బెంచ్ మీద ఇరవై ఏళ్లు

సరిపోతుంది, పంపండి. స్టాక్ ఉందా మరి?

మైక్రో పీజీ, రెండో ఏడాది

చీముది ఉంది, నిన్న తీసి ప్లేట్ చేశాను, రెండో రోజు కాబట్టి లైటుకి అడ్డంగా పట్టుకుని చూస్తే చుక్కలు మెరుస్తున్నాయి. బ్లడ్ కల్చర్‌ది లేదు. రిజిస్టర్‌లో దాని ఎదురుగా "డిఫ్తెరాయిడ్స్, డిస్కార్డెడ్" అని రాసి ఉంది.